కట్టా, ఆపరేషనా?
మోచెయ్యి విరిగిన పిల్లల తల్లిదండ్రుల కోసం

పిల్లాడి మోచెయ్యి విరిగిందని తెలిసిన అరగంటకల్లా ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. "పసివాడికి ఆపరేషనేమిటి, కట్టు కట్టిస్తే అదే అతుక్కుంటుంది" అని ఒక పక్షం. "డబ్బుకు చూసుకోవద్దు, ఆపరేషన్ చేయించేస్తే ఒక పనైపోతుంది" అని ఇంకో పక్షం. ఇద్దరికీ పిల్లాడంటే ప్రాణమే. ఎక్స్‌రేలో ఏముందో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మధ్యలో నలిగేది తల్లీ తండ్రీ. వాణ్ణి మేడ మీదికి ఎవరు పంపారు, పడేటప్పుడు ఎవరు చూస్తున్నారు అనే విచారణ కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

ఆ విచారణ నెల రోజులు వాయిదా వేయండి. ఇప్పుడు మీ బుర్ర వేరే పనికి కావాలి.

నేను ఎముకల డాక్టర్ని. కట్టంటే చిన్న వైద్యమనీ, ఆపరేషనంటే పెద్ద వైద్యమనీ మనం వేసుకున్న లెక్క పిల్లల మోచేతి దగ్గర పనికిరాదని నా ఉద్దేశం. ఇక్కడ ఆపరేషన్ అనేది చాలాసార్లు చర్మం కూడా కోయకుండా వైర్లు పెట్టడమే. కట్టు అనేది చాలాసార్లు వారం వారం కాపలా కాయాల్సిన వైద్యం. ఏది కావాలో మన భయం, మన పర్సు తేల్చవు. ఏ ఎముక విరిగింది, ఎంత జరిగింది, విరుపు కీలు లోపలికి వెళ్లిందా, వేళ్లకు రక్తం, స్పర్శ బాగున్నాయా అన్న నాలుగు సంగతులు తేలుస్తాయి. వాటిని తెలుసుకుని డాక్టరుతో మాట్లాడగలిగితే ఇంట్లో రెండు పక్షాలూ వాటంతటవే సర్దుకుంటాయి.

మొదటి గంట

సంక్రాంతికి గాలిపటాలు, వేసవిలో మామిడి చెట్లు, కొత్త సైకిళ్లు. మా ఓపీలో పిల్లల మోచేతులకు ఇవే సీజన్లు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలైతే పార్కుల్లో ఊచలు పట్టుకుని వేలాడుతూ పడతారు. అంతే తేడా. పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనించుకోవడం, మోచెయ్యి వెనక్కి విరుచుకోవడం ఎక్కడైనా ఒకటే. ఎక్కువగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య, అందులోనూ ఎడమ చెయ్యి.

చెయ్యి ఎలా ఉంటే అలాగే ఉంచండి. సరిచేద్దామని లాగొద్దు, నూనె రాసి తోమొద్దు. ఒక వారపత్రికో అట్టముక్కో మోచేతి కింద పెట్టి చున్నీతో వదులుగా కట్టి మెడకు వేలాడదీస్తే చాలు. ఆ చేతికి గాజులు, కడియం, దిష్టి తాడు, ఉంగరం ఉంటే అప్పుడే తీసేయండి. వాపు వచ్చాక వాటిని కత్తిరించాల్సి వస్తుంది. ఏడుపు మానిపించడానికి బిస్కెట్లు, పాలు ఇవ్వడం మనకు అలవాటు. చెయ్యి వంకర తిరిగి కనిపిస్తుంటే అది వద్దు. మత్తు ఇవ్వాలంటే గట్టి ఆహారం తిన్నాక 6 గంటలు, మంచినీళ్లు తాగాక 2 గంటలు ఆగడం మామూలు పద్ధతి. దారిలో తినిపించిన బిస్కెట్టు పుణ్యమా అని రాత్రంతా నొప్పితో కాచుకున్న పిల్లలు ఎందరో.

ఇక వేళ్లు. ఎముక కంటే ముందు చూడాల్సినవి వేళ్లే. మోచేతి ముందు వైపు నుంచి చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం, దాని పక్కనే నరం పోతాయి. విరిగిన ఎముక మొన వాటిని నొక్కవచ్చు, గుచ్చవచ్చు. గోరు నొక్కి వదిలితే తెల్లబడినది రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. రెండు చేతుల వెచ్చదనం ఒకేలా ఉండాలి. తర్వాత పిల్లాడితో ఒక ఆట ఆడించండి: పిడికిలి బిగించు, బొటనవేలు పైకెత్తు, వేళ్లన్నీ విప్పి ఎడంగా పెట్టు, బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిపి గుండ్రంగా సున్నా చుట్టు. సున్నా గుండ్రంగా రాక రెండు వేళ్లూ చప్పగా అతుక్కుంటే ఆ వేళ్ల కొసలను వంచే నరం దెబ్బతిన్నట్టు. మోచేతికి పైన విరిగి ఎముక వెనక్కి జరిగిన పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది ఈ నరమే. భయపడకండి, చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. అయితే ఈ పరీక్ష కట్టు వేయకముందే, థియేటర్‌కు తీసుకెళ్లకముందే జరిగి కేస్ షీట్‌లో రాసి ఉండాలి. లేకపోతే నరం పడిపోయింది పడినప్పుడా, వైద్యంలోనా అనేది తర్వాత ఎవరికీ తేలదు.

చెయ్యి తెల్లగా, చల్లగా ఉంటే అది వేరే కథ. అప్పుడు సలహాలు అడుగుతూ కూర్చోవద్దు, స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిరగొద్దు. పిల్లల ఎముకలు సరిచేయగల, అవసరమైతే రక్తనాళాలు చూడగల ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. చాలామందిలో ఎముకను దాని చోట పెట్టగానే నాడి తిరిగి వస్తుంది.

ఒక్క ఫిల్ము చూసి తేల్చకండి

ఒక సంక్రాంతి సాయంత్రం క్యాజువాల్టీలో చూసింది చెబుతాను. ఏడేళ్ల పిల్లాడు, పిట్టగోడ మీంచి జారాడు. నాయనమ్మ బల్ల పక్కనే నిలబడి, "మా ఊళ్లో గుడ్డు సొనతో పట్టు వేసి వెదురు బద్దలు కడతాడండీ, ఎంతమందికి బాగు చేశాడో" అంటోంది. మేనమామ డాలస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. "బావా, ఆ ఎక్స్‌రే ట్యూబ్‌లైటుకు పట్టి ఫొటో పంపు, ఇక్కడ మా ఫ్రెండ్‌కు చూపిస్తా." తండ్రి ఒక ఫిల్మును లైటుకేసి పట్టి ఫొటో తీశాడు. అది ముందు నుంచి తీసినది. అందులో ఎముక దాదాపు తిన్నగానే ఉంది. డాలస్ ఫ్రెండ్ "పెద్దగా ఏం లేదు, కట్టు చాలు" అన్నాడట. పక్క నుంచి తీసిన రెండో ఫిల్ము కవర్లోనే ఉండిపోయింది. ఎముక ఎంత వెనక్కి పోయిందో కనిపించేది అందులోనే.

కాబట్టి ఎవరికి పంపినా రెండు ఫిల్ములూ పంపండి. అసలు పిల్లల మోచేతి ఎక్స్‌రే చదవడం డాక్టర్లకే కష్టం. పుట్టినప్పుడు మోచేతి కీలు అంతా మృదులాస్థే, అది ఎక్స్‌రేలో కనపడదు. సుమారు ఏడాది వయసు నుంచి పదకొండేళ్ల వరకు ఆరు చోట్ల ఎముక ఒక్కొక్కటిగా మొలుస్తుంది. ఏది విరిగిన ముక్కో, ఏది అప్పుడే పుట్టిన ఎముకో తేల్చుకోవడానికి కొన్నిసార్లు బాగున్న చేతికి కూడా ఎక్స్‌రే తీస్తారు. బిల్లు పెంచడానికి తీశారని గొడవ పెట్టుకోకండి. కొన్నిసార్లు విరుపు గీత కనపడదు గానీ, కీలులో రక్తం చేరి కొవ్వు పొరను వెనక్కి నెట్టిన నీడ కనపడుతుంది. అది ఉంటే విరిగిందనే లెక్క వేసి కట్టు కడతాం. "ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, మళ్లీ కట్టెందుకు" అంటే కారణం ఇది.

నాయనమ్మ మాటకు కూడా జవాబు చెప్పాలి. పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు రాయలసీమలో అరుదు. ఎముకలు కట్టే మనిషి మనకు చాలా ఊళ్లలో ఉంటాడు. వాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. పిల్లల ఎముకకు అతుక్కునే గుణం పుట్టుకతోనే ఉంది, జరగని ఎముక ఏ కట్టులోనైనా అతుకుతుంది. అయితే మోచెయ్యి జరిగిందో లేదో చేత్తో తడిమి చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. రెండోది బిగుతు. జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లోనే రాశాడు: బిగుతు కట్ల తర్వాత ముంజేతి కండరాలకు రక్తం అందక చచ్చుబడి, వేళ్లు ముడుచుకుపోతాయని. నాటుదైనా, ఆసుపత్రిదైనా, బిగిస్తే ఏ కట్టయినా ఆ పనే చేస్తుంది.

మోచేతికి పైన

కేస్ షీట్ మీద సుప్రాకాండైలార్ అని ఉంటే, భుజం నుంచి వచ్చే ఎముక మోచేతికి కాస్త పైన, పలచబడిన చోట విరిగిందని. పిల్లల మోచేతి విరుపుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. అమెరికన్ సర్జన్ జాన్ గార్ట్‌లాండ్ 1959లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ డాక్టర్లు "టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ" అనుకునేది ఆయన లెక్క ప్రకారమే.

ఎముక జరగకపోతే టైప్ వన్. మూడు వారాలు అటూ ఇటూగా కట్టు ఉంచితే సరిపోతుంది. దీనికి ఎవరైనా ఆపరేషన్ అంటే కాగితాలు తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి. రెండు ముక్కలూ పూర్తిగా విడిపోతే టైప్ త్రీ. దీన్ని మత్తిచ్చి సరిచేసి వైర్లు పెట్టాలి. "కట్టుతో చూద్దాం" అని నాన్చే విషయం కాదు.

చిక్కంతా టైప్ టూతో. పచ్చి వేపపుల్లను వంచితే ఒక వైపు విరిగి, ఇంకో వైపు పెచ్చు అంటుకుని ఉంటుంది కదా, ఎముక అలా వెనక్కి వంగుతుంది. ఎంత వంగిందో మీరూ చూడొచ్చు. పక్క నుంచి తీసిన ఫిల్ములో పై ఎముక ముందు అంచు వెంబడి కిందికి గీత గీస్తే, మోచేతి దగ్గరున్న చిన్న గుండ్రటి ఎముక మధ్య భాగంలోంచి ఆ గీత పోవాలి. మరీ చిన్న పిల్లల్లో కాస్త ముందు నుంచి పోయినా తప్పులేదు. గీత ఆ గుండ్రటి ఎముకను అసలు తాకకుండా ముందు నుంచి పోతే అది బాగా వంగినట్టు. "సార్, ఆ గీత గీసి చూపించండి" అని అడగండి. విసుక్కోకుండా గీసి చూపించే డాక్టరు దొరికితే వదలకండి.

అమెరికన్ ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, జరగని వాటికి కట్టు, జరిగిన టైప్ టూ, టైప్ త్రీలకు సరిచేసి వైర్లు అని సూచించింది. టైప్ టూలోనే కొద్దిగా మాత్రమే వంగి, పక్కకు గానీ మెలికగా గానీ తిరగని వాటిని కట్టుతో నెగ్గించే డాక్టర్లు కూడా ఉన్నారు. అందులో తప్పు లేదు. తెలుసుకోవాల్సింది దాని ఖరీదు. అలా సరిచేసిన ఎముక కట్టులో కదలకుండా నిలవాలంటే మోచేతిని బాగా ముడిచి ఉంచాలి. వాచిన మోచేతిని బాగా ముడిస్తే రక్తనాళం నలుగుతుంది. వదులుగా ఉంచితే ఎముక మళ్లీ వెనక్కి జారుతుంది. వైర్లు పెడితే మోచేతిని ముడవాల్సిన పనే లేదు, వాపుకు చోటుంటుంది. వైర్లు వచ్చింది ఎముకను అతికించడానికి కాదు, అది తనంతట అతుకుతుంది. చేతిని సుఖంగా ఉంచుతూ ఎముకను దాని చోట ఆపడానికి వచ్చాయి.

నా లెక్కలో ఇంకొకటి కూడా కలుపుతాను, పుస్తకాల్లో దానికి పెద్ద చోటు ఉండదు: మీ ఇల్లు ఎంత దూరం? వారంలోపు మళ్లీ ఎక్స్‌రేకు వచ్చి తీరే కుటుంబానికి అటూ ఇటూగా ఉన్న విరుపులో కట్టు వేసి చూడొచ్చు. బస్సు దిగి ఆటో ఎక్కి, కూలి మానుకుని రావాల్సిన వాళ్లకు అదే విరుపులో వైర్లే నయం అంటాను. రాలేమేమో అనిపిస్తే సిగ్గుపడకుండా ముందే చెప్పండి.

"చిన్నపిల్లాడే కదా, కొంచెం వంకరగా అతికినా ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది" అనేది నేను ఎక్కువగా వినే మాట. మణికట్టు దగ్గర అది చాలావరకు నిజం. ముంజేతి ఎముక ఎదుగుదలలో ఎక్కువ భాగం మణికట్టు చివర నుంచే. పై చేతి ఎముక అలా కాదు, దాని ఎదుగుదలలో సుమారు 80 శాతం భుజం వైపు నుంచి, 20 శాతమే మోచేతి వైపు నుంచి. అందుకే మోచేతి దగ్గర సర్దుబాటు తక్కువ. ముందుకూ వెనక్కూ ఉన్న వంపు కొంత తగ్గుతుంది. పక్కకు తిరిగిన వంకర, చెయ్యి చాచినప్పుడు మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చే ఆ వంకర, సర్దుకోదు. పక్కింటి అబ్బాయి మణికట్టును మీ అబ్బాయి మోచేతికి పోలిక తేకండి.

ఇక ఆపరేషన్ ఎలా ఉంటుంది? పిల్లాడికి పూర్తి మత్తు. సీ ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ డాక్టరు చేత్తోనే లాగి, వంచి ఎముకను చోట పెడతారు. తర్వాత చర్మంలోంచే రెండు, ఒక్కోసారి మూడు సన్నటి స్టీలు వైర్లు గుచ్చి, కొసలు బయట వంచి వదిలి, పైన కట్టు వేస్తారు. చేత్తో సర్దడం కుదరనప్పుడు, రక్తనాళం ఇరుక్కున్నప్పుడు, ఎముక చర్మం చీల్చుకొచ్చినప్పుడే కోత. రాత్రి పదకొండుకు వచ్చి "పొద్దున చేస్తాం" అన్నారని కంగారు పడొద్దు. వేళ్లు వెచ్చగా, ఎర్రగా ఉండి, నాడి బాగా ఉన్న పిల్లల్లో, నిద్రలేని టీము కంటే పొద్దుటి టీము మేలు. చెయ్యి చల్లబడితేనో, నొప్పి అదుపు తప్పితేనో మాత్రం పొద్దుట దాకా ఆగకూడదు.

మూడు నాలుగు వారాలకు ఓపీలోనే వైర్లు తీసేస్తారు, చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు. పిల్లాడు తల్లి ఒళ్లో కూర్చుని అటు తిరిగి ఉంటాడు, ఒక్క లాగుడు, "అయిపోయిందా?" అని అడిగేసరికి వైరు ట్రేలో ఉంటుంది. వైర్ల వల్ల చెయ్యి ఎదగదేమోనని అడుగుతారు. ఆ సన్నటి నున్నటి వైర్లు కొన్ని వారాలు ఉన్నంత మాత్రాన ఎదుగుదల ఆగదు. అసలు నష్టాలు వేరే: వైరు చుట్టూ చీము పట్టవచ్చు. లోపలి వైపు నుంచి వైరు పెడితే అక్కడ పోయే నరానికి దెబ్బ తగలవచ్చు, అందుకే చాలామంది డాక్టర్లు వీలైనంతవరకు బయటి వైపు నుంచే పెడతారు. ఏ వైపు నుంచి పెడుతున్నారో అడగడంలో తప్పులేదు.

బయటి ముక్క, లోపలి ముక్క

లాటరల్ కాండైల్ అంటే మోచేతి బయటి వైపు ముక్క. దీని పేరు విన్నప్పుడు తల్లిదండ్రుల కంటే డాక్టరే ఎక్కువ భయపడాలి. విరుపు నేరుగా కీలులోకి పోతుంది. ముక్కకు కండరాలు అంటుకుని లాగుతూ ఉంటాయి, కీలులోని ద్రవం విరుపు మధ్యకు చేరుతుంది. అందుకే పిల్లల్లో సాధారణంగా కనపడని జబ్బు, ఎముక అతక్కపోవడం, ఇక్కడ కనపడుతుంది. ఎడం 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే కట్టు చాలు. అంతకు మించితే చాలావరకు వైర్లో స్క్రూనో కావాలి. కీలు నునుపు తప్పితే తెరిచి చూసి మరీ సర్దాలి. రెండు మిల్లీమీటర్లంటే కంటికి చాలా చిన్న ఎడమే, అయినా కీలులో అది పెద్ద తేడా.

ఇక్కడ కట్టు వేశారంటే పని అయినట్టు కాదు, మొదలైనట్టు. మొదటి రోజు 1 మిల్లీమీటరు ఉన్నది వారానికి 3 కావచ్చు. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు వారానికోసారి ఎక్స్‌రే, అందులో చేతిని కాస్త లోపలికి తిప్పి తీసే ఏటవాలు ఫిల్ము కూడా. పిల్లాడు హాయిగా ఆడుకుంటున్నాడు, నొప్పి లేదు, మళ్లీ ఎందుకు అనుకుని ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ. వాళ్లే ఏడాదికి "చెయ్యి బయటికి వంగుతోంది సార్" అని వస్తారు.

లోపలి వైపు ముక్క, మీడియల్ ఎపికాండైల్, కొంచెం పెద్ద పిల్లల్లో, 9 నుంచి 14 ఏళ్ల మధ్య, తరచూ మోచెయ్యి కీలు తప్పడంతో పాటు విరుగుతుంది. తప్పిన కీలును సర్దేటప్పుడు ఈ ముక్క కీలులో ఇరుక్కుంటే తీసి తీరాలి, అందులో చర్చ లేదు. ఇరుక్కోకుండా కొంత జరిగి ఉంటే మాత్రం డాక్టర్లలోనే రెండు పక్షాలు ఉన్నాయి. స్వీడన్‌లో కట్టుతోనే వదిలేసిన 56 మందిని సుమారు 35 ఏళ్ల తర్వాత పిలిచి చూసి 1986లో ప్రచురించారు. చాలామందికి ఆ ముక్క ఎముకతో అతకనే లేదు, అయినా చేతి పనికి పెద్దగా లోటు రాలేదు. ఇటీవల బ్రిటన్‌లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి కట్టు ఇచ్చి పోల్చే పరీక్షే పెట్టారు. అనుభవం ఉన్న సర్జన్లకే ఏకాభిప్రాయం లేని చోట మీకు "ఇదొక్కటే దారి" అని ఎవరైనా గట్టిగా చెబితే కాస్త ఆలోచించండి. మీ అమ్మాయి జిమ్నాస్టిక్స్ చేస్తుందా, అబ్బాయి ఫాస్ట్ బౌలరా అనేది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. బంతి విసిరే చేతికి ఆ ముక్క మీద లాగుడు ఎక్కువ.

మిగతావి క్లుప్తంగా. ముంజేతి బయటి ఎముక మెడ విరిగి 30 డిగ్రీల లోపు వంగితే కట్టు. అంతకు మించితే మత్తులో సర్దాలి, చాలావరకు తెరవకుండానే. మోచేతి చివరి మొన విరిగి ఎడం రాకపోతే కట్టు, కీలు తెరుచుకుంటే ఆపరేషన్. ముంజేతిలో ఒక్క ఎముకే విరిగిందని కట్టు వేసినప్పుడు మాత్రం మోచెయ్యి కూడా ఎక్స్‌రేలో పడిందో లేదో అడగండి. పక్క ఎముక మోచేతి దగ్గర కీలు తప్పి ఉండటం, దాన్ని ఎవరూ చూడకపోవడం మామూలుగా జరిగేదే.

డబ్బు సంగతి

కట్టు చవక, వైర్లు ఖరీదు. బిల్లు వరకే చూస్తే నిజం. వారం వారం ఎక్స్‌రేలు, ప్రయాణాలు, పోయిన కూలి కలిపితే తేడా తగ్గుతుంది. వంకరగా అతికిన చేతిని తర్వాత ఎముక కోసి సరిచేయాల్సి వస్తే లెక్క తలకిందులవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రుల్లో ఆ పథకం సహాయ కౌంటర్ ఉంటుంది. అడ్వాన్స్ కట్టకముందే, కార్డుతో అక్కడికెళ్లి మీ పిల్లాడి విరుపు పథకంలోకి వస్తుందా అని అడగండి. కట్టాక అడిగితే చిక్కు. రెండో అభిప్రాయం కావాలంటే ఆ పూటే తీసుకోండి, చెయ్యి చల్లబడని పిల్లలకు అంత వ్యవధి ఉంటుంది. నాలుగు రోజులు తిరిగి అయిదో రోజు వస్తే ఎముక సర్దడం కష్టమవుతుంది.

ఇంటికి వచ్చాక

కట్టయినా, వైర్లయినా మొదటి రెండు రాత్రులు మీరే డాక్టరు. చెయ్యి దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉండాలి. గంటకోసారి వేళ్లు కదిలించమనండి. మందు వేశాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, పిల్లాడు కారణం లేకుండా అల్లరి పెడుతుంటే, నొప్పి మందు గడువు కాకముందే అడుగుతుంటే, వేళ్లను మెల్లగా చాచినా కేక పెడితే, అది గారం కాదు. కట్టు లోపల కండరాల్లో ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి. తెల్లారాక చూద్దాం అనకండి. ఆసుపత్రి దూరమైతే ఫోన్ చేసి, కట్టు పైన చుట్టిన బ్యాండేజీని, లోపలి దూదిని కూడా, పొడవునా విప్పి వదులు చేయమంటారా అని అడగండి. వెంటనే బయల్దేరండి. దురద పుడితే లోపలికి దువ్వెనలు, అల్లిక సూదులు దూర్చొద్దు.

ఇక వారం రోజుల ఎక్స్‌రే. ఇది లాంఛనం కాదు, కట్టు వైద్యంలో సగం ఇదే. పిల్లల ఎముక రెండు మూడు వారాల్లో గట్టిపడుతుంది. వారంలోపు జారిందని తెలిస్తే మళ్లీ సర్దవచ్చు, వైర్లు పెట్టవచ్చు. మూడు వారాలకు తెలిస్తే అప్పటికే ఆ వంకర గట్టిపడి ఉంటుంది. నొప్పి లేకపోయినా, వాపు తగ్గినా, బడి పరీక్షలున్నా, పెళ్లి ఉన్నా, ఆ తేదీకి వెళ్లండి. తీసిన ప్రతి ఫిల్మునూ మొదటి రోజు ఫిల్ముతో పక్కపక్కన పెట్టి చూపించమనండి. కిందటి వారంతో పోల్చితే ప్రతిసారీ "కొంచెమే" అనిపిస్తుంది.

కట్టు విప్పాక

కట్టు విప్పిన రోజు చాలా ఇళ్లలో మళ్లీ భయం. చెయ్యి సగమే చాచగలుగుతున్నాడు, సన్నబడింది, వెంట్రుకలు పెరిగాయి. ఇదంతా మామూలే. మామూలు కానిది మనం చేసే వైద్యం. నీళ్ల బకెట్ మోయించి చెయ్యి చాపించడం, నూనె పెట్టి గట్టిగా మర్దన చేయడం, తండ్రి రోజూ పొద్దున కూర్చోబెట్టి ఇంత ఇంత అని లాగడం. గాయమైన మోచేతిని బలవంతంగా లాగితే కండరంలో ఎముక పేరుకుని కీలు ఇంకా బిగుసుకోవచ్చు. పిల్లాడిని వదిలేయండి. అన్నం కలుపుకుంటాడు, చొక్కా వేసుకుంటాడు, స్నానపు తొట్టెలో నీళ్లు చిమ్ముతాడు, వ్యాయామం అదే. మోచేతికి పైన విరిగిన పిల్లలను రెండు గుంపులు చేసి, ఒకరికి ఫిజియోథెరపీ ఇచ్చి, ఒకరిని వదిలేసి చూసిన అమెరికన్ అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. ఫిజియోథెరపీ వల్ల అదనపు లాభం కనపడలేదు. కదలిక మొదటి రెండు మూడు నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది, చివరి కొద్ది డిగ్రీలకు ఏడాది పట్టినా పట్టవచ్చు. చెట్లెక్కడం, సైకిలు మాత్రం డాక్టరు చెప్పాకే.

ఇంకొక విన్నపం పెద్దవాళ్ల గురించి. చిన్నప్పుడు మోచెయ్యి విరిగి, వంకరగా మిగిలి, "అదేం పనికి అడ్డం రాలేదులే" అని బతికేస్తున్న వాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. బయటి వైపు ముక్క అతక్కుండా పోయి చెయ్యి బయటికి వంగిన వాళ్లలో, లోపలి వైపు నరం ఏళ్ల తరబడి సాగి సాగి, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కూడా పడిపోవచ్చు. అలాంటి వాళ్లు మీ ఇంట్లో ఉంటే, చిటికెనవేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయేమో, బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతోందేమో అడగండి. అవునంటే ఎముకల డాక్టరుకు చూపించండి. నరం పూర్తిగా చచ్చుబడకముందు వెళితే దానికి వైద్యం ఉంది.